మూడు బొట్ల కారులో కీసరగుట్టకు

కాశీకి పోయి వచ్చినవాళ్లు పదిమందిని కూర్చోబెట్టి చెబుతారు. తిరుపతి పోయి వచ్చినవాళ్లు లడ్డు ముక్క చేతిలో పెట్టి మరీ చెబుతారు. నేను పోయి వచ్చింది మేడ్చల్ నుంచి శామీర్‌పేట మీదుగా కీసరగుట్టకు. పొద్దున బస్సెక్కితే పగటి భోజనానికి ఇల్లు చేరొచ్చు. మాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో నేను పడ్డ భయం, కాశీ దాకా నడిచి పోయినా పడి ఉండేదాన్ని కాదు.

ఇది ఔటర్ రింగు రోడ్డు ఇంకా రాని రోజుల సంగతి. మా ఆయన ఇరవై ఏళ్లు ఊళ్లో వాళ్ల జీపులు నడిపి, చివరికి పాతదే అయినా తన సొంతమని ఒక తెల్ల కారు కొన్నాడు. నాలుగు గేర్ల చిన్న కారు. కొన్న నాలుగు నెలలకు ఆయనకు ఎడమ పక్క పడిపోయింది. చెయ్యి లేవదు, కాలు ఈడుస్తాడు, మాట ఒక్కొక్కటిగా వస్తుంది. కసరత్తు చేయించడానికి వారానికి మూడుసార్లు సికింద్రాబాద్ దవాఖానకు తీసుకుపోవాలి. ఆయన కాలు ఇంకా బస్సు మెట్టు మీద పడకముందే కండక్టరు విజిల్ వేసేవాడు. ఒకసారి అట్లాగే రోడ్డు మీద పడ్డాడు. ఆ తర్వాత ఇల్లు కదలనని మొండికేశాడు.

కారేమో రేకుల కింద నిలబడి ఉంది. మా బావ, అంటే ఆయన అన్న, దాన్ని అమ్మేద్దామని బేరం కుదిర్చాడు. నడిపే మనిషి లేని బండి ఎలుకలకు ఇల్లవుతుందని బావ మాట. కొనేవాడు సోమవారం వస్తాడు.

నేను నడుపుతానన్నాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, నలభై ఏళ్లు దాటినదాన్ని. ఇంట్లో ఎవరూ నవ్వలేదు, దానికే ఎక్కువ భయం వేసింది. అప్పటికే రెండు నెలల నుంచి బడి మైదానంలో నేర్చుకుంటున్నాను. ఎట్లాగంటే, క్లచ్ మీద నా కాలు, గేరు రాడ్డు మీద ఆయన చెయ్యి. ఆయన పక్క సీట్లో కూర్చుంటే బాగున్న కుడిచెయ్యి సరిగ్గా రాడ్డు దగ్గరికి వస్తుంది. నేను తొక్కితే ఆయన మార్చేవాడు. లైసెన్సు పరీక్షలో మాత్రం ఒక్కదాన్నే కూర్చుని, చదును నేల మీద మొదటి గేరులోనే ఎనిమిది అంకె వేసి గట్టెక్కాను.

బావకు ఈ పద్ధతి నచ్చలేదు. "ఒక బండికి ఇద్దరు డ్రైవర్లేంది యాదమ్మా? రేపు రోడ్డు మీన వాడు దగ్గితే గేరు ఎవరెయ్యాలె?" అన్నాడు. చివరికి బావే ఒక షరతు పెట్టాడు. కీసరగుట్ట ఎక్కి దిగి రావాలి. తమ్ముడు రాడ్డు ముట్టుకోకూడదు. అమ్మ వెనక సీట్లో కూర్చుని చూస్తుంది. వచ్చి ఆమె ఏం చెబితే అది.

మా అత్త సంగతి మీకు తెలియదు. పంచాయతీలో సొంత తమ్ముడే పొలం గట్టు జరిపాడని అందరి ముందూ సాక్ష్యం చెప్పిన మనిషి.

మేడ్చల్ దాటేదాకా

బయలుదేరే ముందురోజు సాయంత్రం మా ఆయన నా బొట్టుబిళ్లల అట్ట అడిగి తీసుకున్నాడు. కారులో కూర్చుని, వేగం చూపే ముల్లు ఉండే అద్దం మీద మూడు బిళ్లలు అంటించాడు. ఇరవై దగ్గర ఎర్రది, ముప్పై అయిదు దగ్గర పచ్చది, యాభై దగ్గర మెరూన్‌ది. "ఎర్ర... రెండు," అన్నాడు. "పచ్చ... మూడు. మెరూన్... నాలుగు." చెయ్యి పెట్టే వీలు లేదు, మాట సమయానికి అందదు, అందుకని ఆయన చేసిన ఏర్పాటు అది. ముల్లు పైకి పోతూ బొట్టు తాకితే ఆ బొట్టు గేరుకు పెంచాలి, కిందికి వస్తూ బొట్టు తాకితే ఆ బొట్టు గేరుకు తగ్గించాలి. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంత సులువు లెక్క ఉంటే ఇంకేం కావాలి.

శనివారం పొద్దున బయలుదేరాం. ఆయన నా పక్కన, కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని. అత్త వెనకాల, ఒళ్లో కొబ్బరికాయ పెట్టుకుని, బిడ్డను పట్టుకున్నట్టు.

మేడ్చల్ బజారులో మొదటి గేరు, రెండో గేరు. ఎర్ర బొట్టు దగ్గర ముల్లు ఊగుతూ ఉంది, నేనూ ఊగుతూ ఉన్నాను. శామీర్‌పేట రోడ్డెక్కాక పచ్చ బొట్టు, తర్వాత మెరూన్. ముల్లు బొట్టును తాకడం, నా చెయ్యి రాడ్డును లాగడం, వరుసగా కుదిరేసరికి మిర్రరులో అత్త ముఖం చూశాను. ఆమె నన్ను చూడటం లేదు, రోడ్డు చూస్తూ ఉంది.

"మేకలొస్తున్నయి," అంది నింపాదిగా.

నేను ముల్లు చూస్తూ ఉన్నాను కదా, మేకల్ని చూడలేదు. బ్రేకు మీద నిలబడ్డాను. కారు గుంజుకుని గుంజుకుని, ఒక మేకపిల్లకు జానెడు దూరంలో ఆగింది, ఇంజను చచ్చిపోయింది. మేకలాయన తిడతాడనుకుంటే, కర్ర భుజాన వేసుకుని లోపలికి తొంగి చూశాడు. ఆడమనిషి నడుపుతోందని చూసి, మందనంతా పక్కకు తోలి, దారిచ్చి మర్యాదగా నిలబడ్డాడు. ఆ మర్యాద తిట్టుకన్నా ఎక్కువ కాల్చింది.

"మీటర్ల ఏం కనవడ్తాంది బిడ్డా? రోడ్డు కనవడ్తాందా అండ్ల?" అని అత్త అడిగింది. మా ఆయన కిటికీ వైపు తిరిగాడు. నవ్వాడో, భయపడ్డాడో తెలియదు.

శామీర్‌పేట, చెల్లె ఇల్లు

శామీర్‌పేట చెరువు నిండుగా ఉంది. కట్ట దగ్గర కారు ఆపి అందరం టీ తాగాం. మేడ్చల్‌లో రెండు రూపాయలకు వచ్చే టీ ఇక్కడ మూడు. చెరువు చూసినందుకు రూపాయి ఎక్కువని టీ ఆయనే చెప్పాడు. జింకల పార్కుకు పోయే పిల్లల బస్సులు ఆగి ఉన్నాయి. వాళ్ల డ్రైవర్లు ఒక చేత్తో టీ తాగుతూ ఒక చేత్తో స్టీరింగు తిప్పి బండ్లు వెనక్కి పెడుతున్నారు. నేను వాళ్లను చూసి, నా రెండు చేతులను చూసుకున్నాను.

ఆ రాత్రికి మా చెల్లె లచ్చవ్వ ఇంట్లో ఉండాలని ముందే అనుకున్నాం. అది నేను పుట్టిన ఇల్లు. మా బాపు నడిపిన పిండి గిర్నీ ఇప్పుడు చెల్లె నడుపుతుంది. మేం పోయేసరికి గిర్నీ నడుస్తూ ఉంది. మొక్కజొన్న పిండి వాసన, గిర్నీని తిప్పే పట్టా చప్పుడు. మా ఊళ్లో జొన్నకు, మక్కకు ఒకే రేటు, ఇక్కడ మక్కకు కిలోకు పావలా ఎక్కువ, రాళ్లు జల్దీ అరుగుతాయని. చెల్లె జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు, పెట్టింది. మేడ్చల్‌లో మేం పుంటికూరలో పచ్చిమిరపకాయ వేస్తాం, చెల్లె ఎండుమిరప వేసి ఎల్లిపాయ దంచి పోపు పెడుతుంది. అత్తకు అదే నచ్చింది, నా ముందే రెండుసార్లు అడిగి వేయించుకుంది.

తింటూ ఉండగా గిర్నీ ఒక్కసారి గొంతు మార్చింది. మూలిగినట్టు. నేను ముద్ద చేతిలో ఉండగానే "గింజ తగ్గియ్యే," అని అరిచాను. చెల్లె అప్పటికే లేచి పోయి గింజ పోసే పై డబ్బా మూత కొంచెం మూసింది. మూలుగు ఆగింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ముప్పై ఏళ్లయింది నేను ఆ గిర్నీ ముందు కూర్చుని. మా బాపు చెవులతోనే దాన్ని నడిపేవాడు. మూలిగితే గింజ తగ్గించాలి, రాళ్లు ఉత్తగా తిరిగి గోల పెడితే గింజ పెంచాలి. అంతే ఆయన చదువు, అంతే నాకు చెప్పింది.

మా ఆయన తినడం ఆపి నా వైపు చూస్తూ ఉన్నాడు. ఏదో అనబోయాడు. చెయ్యి ఊపి వదిలేశాడు.

గుట్ట కింద

ఆదివారం ఎండ ముదరకముందే కీసర చేరాం. దారంతా పొలాల మధ్య తెల్ల రాళ్లు పాతి, జెండాలు కట్టి ప్లాట్లు చేస్తున్నారు. నా దృష్టి వాటి మీద లేదు. దూరం నుంచే గుట్ట కనిపిస్తూ ఉంది.

గుట్ట కింద ఆగి, దుకాణంలో అత్త నూనె సీసా కొన్నది. ఇక్కడ గుట్ట మీద ఎక్కడ చూస్తే అక్కడ శివలింగాలు, బయటే, ఎండలో. ఎవరికి నచ్చిన లింగానికి వాళ్లే నూనె పోసి మొక్కుకోవచ్చు. మా మేడ్చల్ గుడిలో గడప దాటి లోపల చెయ్యి పెట్టనిస్తారా? దుకాణం ఆమె మా కారు చూసి, డ్రైవరు ఎక్కడని అడిగింది. నేనే అన్నాను. ఆమె నన్ను, గుట్టను, మళ్లీ నన్ను చూసి, "మెల్లగ పోండ్రి," అని నూనె సీసాకు అర్ధరూపాయి తగ్గించింది. ఆ అర్ధరూపాయి నాకు మంచి శకునంలా అనిపించలేదు.

ఎక్కే ముందు మా ఆయన బొట్లను ఒకసారి తుడిచాడు. కుడిచెయ్యి మళ్లీ తొడ కింద పెట్టుకున్నాడు.

సగం గుట్ట

వేగంగా వెళ్తే సులువుగా ఎక్కుతుందని అనుకున్నాను. మొదటి గేరు, ఎర్ర బొట్టు, రెండో గేరు. చదును ముక్క ఒకటి ఉంది, అక్కడ ముల్లు పచ్చ బొట్టు తాకింది. మూడో గేరు వేశాను. వేసిన వెంటనే మలుపు, మలుపు వెనక ఎత్తు.

కారు మూలిగింది. స్టీరింగు చేతుల్లో వణికింది, అద్దాలు గలగలమన్నాయి. యాక్సిలేటరు నేలకు తొక్కాను. ఏమీ రాలేదు. ముల్లు పచ్చ బొట్టు దిగింది, ముప్పై దిగింది, ఇంకా దిగుతోంది. రెండో గేరు ఎర్ర బొట్టు దగ్గర కదా. నేను ఎర్ర బొట్టు కోసం చూస్తూ ఉన్నాను. ఇరవై అయిదు. ఇరవై మూడు. అత్త శివా శివా అంటోంది. ముల్లు ఎర్ర బొట్టును తాకింది, నా కాలు క్లచ్ మీదికి పోయింది, అప్పటికే కారు రెండుసార్లు గుంజి ఆగిపోయింది.

తర్వాత వెనక్కి జారింది.

వెనక నీళ్ల ట్యాంకరు వస్తోంది. దాని హారను నా వీపులో మోగింది. బ్రేకు తొక్కానో, ఏది తొక్కానో, ఒక కారు పొడుగు జారి ఆగాం. ఆ జారుతున్న క్షణంలో నేను ఒకటి చూశాను. మా ఆయన చెయ్యి తొడ కింద నుంచి బయటికి వచ్చింది. రాడ్డుకు ఒక జానెడు పైన ఆగింది. రాడ్డు పట్టుకోవాలని ఆ చెయ్యి ఎంత అనుకుందో నాకు తెలుసు. అది వెనక్కి పోయి, కదలని ఎడమచేతిని గట్టిగా పట్టుకుంది.

ట్యాంకరు ఆపి ఒక పెద్దాయన దిగి వచ్చాడు. తలకు తువాలు, బీడీ చెవి మీద. "కాలు తియ్యకు అమ్మా, గట్లనే వెట్టు. చేతి బ్రేకు గుంజు," అని, ముందు మా కారు వెనక చక్రం కింద పెద్ద రాయి పెట్టాడు. తర్వాత కిటికీలోకి వంగాడు. ఆయన పేరు సాయిలు అని, గుట్ట మీది గుడికి రోజూ నీళ్లు మోస్తాడని తర్వాత తెలిసింది.

"గీ బొట్లేంది?" అన్నాడు.

చెప్పాను. నవ్వుతాడని అనుకున్నాను, నవ్వలేదు.

"సదును మీన మంచిగనే పనిజేస్తయి. గుట్టకు బొట్లు దెల్వయి గద. బండి మూలిగింది, ఇనవడలేదా?"

"ఇనవడ్డది."

"మరెందుకు గేరు తగ్గియ్యలే?"

"ముల్లు ఇంక బొట్టుకాడికి రాలే," అన్నాను.

ఆయన మా ఆయన వైపు చూశాడు. ఎడమచెయ్యి ఒళ్లో పడి ఉండటం, కుడిచెయ్యి దాన్ని పట్టుకుని ఉండటం చూశాడు. "మూలుగు మొదలైతనే తగ్గియ్యాలె. ముల్లు పడేదాక ఆగితే బండి నీ మాట ఇనదు," అన్నాడు. చేతి బ్రేకు లాగి ఉంచి, మళ్లీ స్టార్టు చేసి, క్లచ్ మెల్లగా వదులుతూ, కారు ముక్కు లేచినట్టు అనిపించినప్పుడు బ్రేకు దించమన్నాడు. తాను వెనకే ఉంటానన్నాడు.

మూలుగు. ఆ మాట చెవిలో పడ్డాక నాకు నిన్నటి గిర్నీ గుర్తొచ్చింది. గుట్ట అంటే గింజ. ఎత్తు పెరిగితే డబ్బాలో గింజ ఎక్కువ పడినట్టే. గింజ ఎక్కువైతే ఏం చేస్తారో నాకు ఏడేళ్లప్పుడే తెలుసు. ఇంత తెలిసి కూడా నేను రెండు రోజులుగా కళ్లతో నడుపుతూ ఉన్నాను.

ముక్కు లేచింది. బ్రేకు దించాను. కారు జారలేదు. చెవులు తప్ప నా దగ్గర ఇంకేమీ లేనట్టు విన్నాను. రెండో గేరు వేశాను, మలుపు దగ్గర గొంతు బరువెక్కింది, మూలగకముందే మొదటిదానికి తెచ్చాను. చీర వీపుకు అంటుకుపోయింది. ముల్లు ఎక్కడ ఉందో నేను చూడలేదు.

గుట్ట మీద

పైన గాలి బాగుంది అని చెప్పాలి కానీ నాకు తెలియలేదు. దిగాలి కదా అనే దిగులే సరిపోయింది. అత్త నాలుగు లింగాలకు నూనె పోసి, అయిదోదాని దగ్గర నన్ను పిలిచి సీసా నా చేతికిచ్చింది. మా ఆయన గుడి మెట్లు ఎక్కలేకపోయాడు. కింద బండ మీద కూర్చుని చేతులు జోడించబోయాడు. ఒక చెయ్యే లేచింది. పక్కనే కూర్చున్న ఎవరో ముసలామె, మాకు తెలియని మనిషి, ఆయన ఎడమచేతిని తీసి కుడిచేతికి ఆనించి, దండం అయ్యాక మళ్లీ ఒళ్లో పెట్టి పోయింది. ఇల్లు కదలకుండా ఉంటే ఇట్లాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారు.

కోతులు మా చెల్లె కట్టిచ్చిన రొట్టెల మూట ఎత్తుకుపోయాయి. ఎవరికీ ఆకలి లేదు కాబట్టి ఎవరూ తరమలేదు.

దిగడం

సాయిలు నీళ్లు దింపి ఖాళీ ట్యాంకరుతో దిగబోతూ మా దగ్గర ఆగాడు. "ఏ గేర్ల ఎక్కినవో గా గేర్లనే దిగు. బ్రేకు మీన నిలబడకు, కాలిపోతది. బండి అరుస్తది, అరవనియ్యి. అరుసుడు గాదది, నిన్ను పట్టుకుంటాంది." అని, తానే ముందు పోయాడు.

ఎక్కడంకన్నా దిగడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. రెండో గేరులో దిగుతుంటే ఇంజను గోల పెట్టింది, గింజ లేని రాళ్లలాగా. ముల్లు పచ్చ బొట్టు వైపు పోతోంది. బొట్టేమో మూడో గేరు వెయ్యమంటుంది, నా చెవి కూడా అదే అంటుంది, నా చిన్నప్పటి బుద్ధి కూడా. చెయ్యి రాడ్డు మీదికి పోయింది. పెద్దాయన మాట గుర్తొచ్చి తీసేశాను. అవును, గిర్నీకి దిగుడు లేదు. ఇది నాకు కొత్త. బ్రేకు కొంచెం తొక్కి వదులుతూ, ఆ అరుపు మధ్యనే మలుపు తరువాత మలుపు దిగాను. కింద దుకాణం ఆమె లేచి నిలబడి చూస్తూ ఉంది. ఆమె దగ్గర కారు ఆపి, మొదటిసారి ఊపిరి సరిగ్గా తీసుకున్నాను.

నాగారం, యాప్రాల్

వచ్చిన దారిన పోకుండా నాగారం, యాప్రాల్ మీదుగా తిరిగి వచ్చాం. నాగారంలో మిర్చి బజ్జీలు తిన్నాం, రూపాయికి ఒకటి. అత్త ఒక్కటీ తినలేదు, ఏదో ఆలోచిస్తూ ఉంది. యాప్రాల్ దగ్గర మిలిటరీ వాళ్ల దారిలో అడుగడుక్కీ స్పీడ్ బ్రేకర్లు. ప్రతిదాని ముందూ గేరు తగ్గించడం, దాటాక పెంచడం. కాపలా సిపాయి ఒకడు చెయ్యెత్తి ఆపాడు. కాగితాలు చూసి, హిందీలో ఏదో అని వదిలేశాడు. బాగా నడుపుతున్నావన్నాడో, మెల్లగా నడపమన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

నా భయం వేరే చోటికి మారింది. కారు జారింది. అత్త చూసింది. ఆమె చెబుతుంది. ఇంటి ముందు దిగి ఆమె నేరుగా లోపలికి పోయింది.

సోమవారం

కొనేవాడితో కలిసి బావ పొద్దున్నే వచ్చాడు. వాకిట్లో కుర్చీలు వేశాం. బావ తల్లిని అడిగాడు. ఆమె ముందు దారి, చెరువు, మేకల సంగతి అంతా చెప్పింది. తర్వాత, "గుట్ట మీన బండి ఎనకకొచ్చింది," అంది.

బావ నా వైపు చూశాడు. అవునన్నాను. మా ఆయన తల దించుకున్నాడు.

"మల్ల ముందుకు వోయింది," అంది అత్త. "ఎనకకొచ్చిన కాడి నుంచి మీదికి యాదమ్మనే ఎక్కిచ్చింది. ఇదే దించింది."

"వాడు చెయ్యి వెట్టిండా?"

అత్త చిన్న కొడుకు వైపు చూసింది. "లేపిండు. వెట్టలే."

బావ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు, ఎక్కడన్నా గీత పడిందేమో అని. ఎక్కడా లేదు. వచ్చినాయనకు టీ ఇప్పించి, ఇప్పుడు కాదని పంపేశాడు. నాతో కారు ఉంచుకొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. "బుధవారం దవాఖానకు నేను గూడ వస్త. ఎనక కూసుంట," అని పోయాడు.

బుధవారం బయలుదేరే ముందు ఆ మూడు బొట్లు ఒలిచాను. పారెయ్యబుద్ధి కాలేదు. ఇంట్లో అద్దానికి అంటించినట్టే, లోపలి మిర్రరు మూలకు అంటించాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

కొంపల్లి చేరకముందు దారి చదునుగా, ఖాళీగా ఉంది. మూడో గేరులో పోతున్నాం. ఇంజను గొంతు పల్చబడింది, గింజ చాలని రాళ్లలాగా. నాకు వినిపించింది. పక్కన ఆయన కూర్చున్న తీరు మారింది, ఆయనకూ వినిపించింది. నేను క్లచ్ తొక్కి, రాడ్డు మీది నుంచి చెయ్యి తీసి స్టీరింగు మీద పెట్టుకున్నాను. ఒక్క క్షణం ఆగాను. తొడ కింద నుంచి ఆయన చెయ్యి బయటికి వచ్చి నాలుగో గేరు వేసింది, వెన్నలోకి వేలు దిగినట్టు.

మిర్రరులో, మూడు బొట్ల పక్కన, బావ ముఖం కనిపించింది. ఆయన కిటికీలోంచి ప్లాట్ల రాళ్లను ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు.